మోకాలి కింద, కెమెరాకు కనబడని చోట

మీరు నన్ను చూసే ఉంటారు. ముఖం కాదు, వీపు. హీరోయిన్ గోడ దూకేటప్పుడు, మెట్ల మీంచి దొర్లేటప్పుడు, గాల్లోకి ఎగిరి రౌడీ గడ్డం మీద తన్నేటప్పుడు జడ ఊపుకుంటూ కనిపించే ఆ వీపు చాలాసార్లు నాదే. పరిశ్రమలో మమ్మల్ని డూప్ అంటారు. ఇన్నేళ్లుగా వెన్ను చూపిస్తూనే బతికాను, అయినా ఎవరూ నన్ను పిరికిదాన్ననలేదు. వెన్ను చూపించడమే నా ఉద్యోగం.

ఇప్పుడు రాస్తున్నది వెన్ను గురించి కాదు, ఎడమ పాదం గురించి. కొన్ని నెలలపాటు అది నా మాట వినలేదు. ఇప్పుడు వింటోంది, కాబట్టి ధైర్యంగా దాని మీద చాడీలు చెప్పగలుగుతున్నాను. తన్నులాట నేర్చుకునేవాళ్లకీ, దెబ్బ తగలగానే బిగించి కట్టు కట్టుకునేవాళ్లకీ, ఆసుపత్రి బెంచీ మీద తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నవాళ్లకీ ఇందులో ఏదో ఒక ముక్క పనికి రాకపోదు.

ఆషాఢం

మాదాపూర్ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం అది. మా ఆయన యాదగిరి ఆటో అమ్మేసి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడుపుతున్నాడు. ఉండేది రహమత్ నగర్‌లో, మేమిద్దరం, మా అత్తమ్మ. షూటింగులు లేని ఆదివారాలు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో సాఫ్ట్‌వేర్ అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పేదాన్ని. కార్లు పక్కకు తీయించి, చాపలు పరిచి, స్తంభాలను రౌడీలనుకుని తన్నించేదాన్ని. నేర్పేవన్నీ నాకొచ్చిన సినిమా తన్నులే. అన్నీ భుజం ఎత్తుకు తగ్గకుండా ఉంటాయి.

ఆ ఆషాఢంలో ప్రసన్న అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఊరు భీమవరం. బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు కిక్‌బాక్సింగ్ నేర్చుకుందట. మూడో వారానికే చెయ్యెత్తింది.

"అక్కా, అన్నీ పైపైన తన్నడమే చెబుతున్నారు. లో కిక్ నేర్పరా?"

"ఆకాశం అందుతుండగా నేల చూపులెందుకమ్మా?" అన్నాను.

"బస్టాపులో ఎవడైనా మీదకొస్తే వాడి గడ్డం నాకెక్కడ అందుతుందండీ? నేనున్నది ఇంతే. వాడి తొడైతే అందుతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఫైట్లలో లో కిక్ ఉండదు. తొడ మీదో మోకాలి కిందో తంతే తెర మీద కనబడదు, కనబడని దెబ్బకు ఈల వేసేవాడు లేడు. "మోకాలి కింద ఏం జరిగినా అది సినిమా కాదు" అనేవారు మా ఫైట్ మాస్టర్.

"సరే, నువ్వే చూపించు" అన్నాను.

ప్రసన్న చూపించింది. కిందున్న పాదం మడమ తిరగాలి, దానితో నడుము తిరగాలి, తగలవలసింది పాదం కాదు, ముంగాలి ఎముక. గురి ఎదుటివాళ్ల తొడ, మోకాలికి కాస్త పైన. అదే తన్ను మన మీదకొస్తే? ముందు కాలి మీద బరువు ఉంచకూడదు. తన్ను కదిలిందనగానే మోకాలు ఎత్తి బయటికి తిప్పి, వేళ్లు పైకి లాగిపెట్టి, మన ముంగాలిని దానికి అడ్డం పెట్టాలి. "అప్పుడు కొట్టినోళ్లకే ఏడుపండీ" అంది.

నాకు అర్థమైంది. అర్థమైంది తలకాయకు. కాలికి కాలేదు. ఫైట్ తీసేటప్పుడు మేం నిలబడవలసిన చోట నేల మీద సుద్దముక్కతో గుర్తు గీస్తారు. దాన్నే మార్కు అంటాం. కదిలితే కెమెరాకు బొమ్మ చెదురుతుంది, కదిలినవాళ్లకు తిట్లు పడతాయి. అందుకని తన్ను తగిలేదాకా మార్కు మీద పాతినట్టు నిలబడాలి, తగిలాక అందంగా పడాలి. నేర్చుకున్నది ఆ రెండే. తప్పించుకోవడం మా సిలబస్‌లో లేదు.

"కొట్టు, నేను ఆపుతాను" అన్నాను. ప్రసన్న మొహమాటపడుతూనే తన్నింది. ఆ మొహమాటానికి కాలు తొడ దాకా లేవలేదు, మోకాలి కింద బయటివైపు తగిలింది. అక్కడ సుద్దగీత లేకపోయినా నా ఎడమ కాలు తన మార్కు తాను గీసుకుని దాని మీద నిలబడిపోయింది. ఎత్తడం సంగతే గుర్తు రాలేదు. తర్వాతి పని మాత్రం గుర్తొచ్చింది. గాల్లో ఒక మెలిక తిరిగి, చాప మీద దొర్లి, జుట్టు ముఖం మీద పడేలా ఆగాను.

సెల్లారంతా చప్పట్లు.

"అబ్బ, ఏం పడ్డారండీ!" అంది ప్రసన్న కూడా. నేను లేచి నమస్కారం పెట్టాను. దెబ్బ నిజంగా తగిలిందంటే నమ్మేవాళ్లు ఎవరున్నారు? అబద్ధంగా పడి పేరు తెచ్చుకున్నదాన్ని.

మర్నాడు షూటింగ్. మోకాలి కింద వాచింది. మా ఫైటర్లలో ఒక ఆచారం ఉంది. క్రేప్ బ్యాండేజ్ ఎంత బిగిస్తే అంత మగతనం. నేను ఆడదాన్ని కాబట్టి ఇంకో రెండు చుట్లు ఎక్కువ చుట్టాను. దాని మీద బిగుతు ప్యాంటు వేసుకున్నాను. షూటింగ్ అంటే చిటికెడు పని, గంపెడు నిరీక్షణ. ఆ నిరీక్షణంతా ఒక చెట్టు కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కుతోందని తెలుస్తూనే ఉంది. తిమ్మిరే కదా, లేస్తే పోతుందనుకున్నాను. నా షాటు రానేలేదు, మబ్బు పట్టిందని పేకప్ చెప్పారు. లేచాను. తిమ్మిరి పోలేదు. ఫిల్మ్‌నగర్ ఏటవాలు దిగుతుంటే వెనకనుంచి ఒక పూలమ్మే ఆమె కేకేసింది.

"ఓ అమ్మా, నీ చెప్పు గీడ పడ్డది!"

చెప్పు నాకు చెప్పకుండా జారిపోయింది. పాదం పైకి లాగి వేళ్లతో పట్టుకుంటేనే హవాయి చెప్పు మన వెంట వస్తుందన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. పాదాన్ని పైకి లాగి చూశాను. రాలేదు. ఇంకోసారి చూశాను. అది ఎవరిదో పాదంలా చూస్తూ ఊరుకుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. అన్నం తింటున్న యాదగిరి తలెత్తకుండానే అడిగాడు.

"కాలుకు ఏమైందే?"

"ఏం కాలే."

"ఏం కాకుంటే గా చప్పుడేంది? ఒక అడుగు మంచిగ పడ్తుంది, ఒక అడుగు టప్పుమంటుంది. క్యాబ్ నడిపెటోన్ని, టైరు పంక్చరయితే నాకెర్కగాదా?"

నవ్వబోయి ఏడ్చాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఆక్టింగా?" అని ఒక్కసారి మెల్లగా అడిగాడు. కాదని తల ఊపాను.

డాక్టరు గారు పెద్దాయన. మోకాలి పక్కన ఎముక మీదుగా చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుందనీ, పాదాన్ని పైకెత్తేది అదేననీ చెప్పారు. "తన్ను సగం చేసింది. మిగతా సగం మీరు గట్టిగా కట్టుకున్న కట్టు, బాసింపట్టూ చేశాయి" అన్నారు. నరం తెగి ఉండకపోవచ్చు, నలిగి ఉండొచ్చు. నలిగినదైతే తనంతట తానే మేలుకుంటుంది. "దసరా దాకా చూద్దాం. ఆలోపు బొటనవేలు వెంట్రుకవాసి పైకి లేచినా సంతోషమే. లేవకపోతే ఆపరేషన్. ఆ తర్వాత నడిపిస్తాను గానీ, ఎగిరి తన్నే మాట మాత్రం నేనివ్వలేనమ్మా."

వచ్చేస్తుంటే ఇంకో మాట అన్నారు: "కాలు మీద కాలేసుకుని కూర్చోకండి." జూబ్లీహిల్స్‌లో కాలు మీద కాలేసుకుని కూర్చునే హోదా రాకముందే దానిమీద నిషేధం వచ్చింది.

శ్రావణం

మా బస్తీలో బోనాలు శ్రావణంలోనే. ఆ యేడు బోనం నా తలకెత్తాలని అత్తమ్మ ముందునుంచే అనుకుంది. ఈడుస్తున్న కాలితో బోనం ఎత్తడం ఎలా? ఆమే ఎత్తుకుంది. గుడి నుంచి తిరిగొచ్చి గడప దగ్గర కాళ్లు కడుక్కుంటూ, నాకు వినబడేలా గోడతో మాట్లాడింది.

"తన్నుడు పని ఆడిదానికెందుకే అంటే ఇన్నదా? ఇప్పుడు సూడు. ఇల్లంత టప్పు టప్పు."

యాదగిరి నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి కుర్చీలోనే నిద్రపోయేవాడు. ఒకనాడు మాత్రం తిరుగుదారిలో స్టీరింగు మీద చూపు తిప్పకుండా అన్నాడు: "కాలు వచ్చినా రాకున్నా, ఇగ గా పని బంద్ చెయ్ సరితా. నాకు భయమైతుంది."

కోపంతో అన్నట్టయితే జవాబు చెప్పేదాన్ని. భయమన్నాడు. భయానికి నా దగ్గరున్నదీ భయమే, ఇక ఏం ఇచ్చిపుచ్చుకుంటాం? బంజారాహిల్స్ రోడ్డు మీద హోర్డింగులు చూస్తూ వచ్చాను. ఒకదానిలో హీరోయిన్ గాల్లో ఉంది. కాలు నాది.

మాస్టర్ ఫోన్ చేసి, "నువ్వు రెస్ట్ తీసుకోమ్మా, వేరే అమ్మాయిని చూశాం" అన్నారు, ప్రేమగానే. డూప్‌కు కూడా డూప్ దొరుకుతుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

ప్రసన్న వచ్చింది. పాదం వేలాడకుండా ఆసుపత్రిలో నా కాలికి తొడిగిన ప్లాస్టిక్ పట్టీని గుమ్మంలోనే చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"నా వల్లే అక్కా. చప్పట్లు కూడా కొట్టానండీ, సిగ్గు లేకుండా."

"సగమే నీ వల్ల. డాక్టరు లెక్క గట్టి చెప్పాడు, మిగతా సగం నాది. నా వాటా నువ్వు లాక్కుంటే ఊరుకోను" అన్నాను.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అత్తమ్మ లోపలినుంచి చాయ్ తెచ్చి, ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

"గింత పిల్లవు. నువ్వేనా తన్నింది?"

"అవునండీ."

"మంచిగనే తన్నినవ్. తాగు."

ఆనాటి నుంచి శనివారాలు టోలిచౌకిలో ఫిజియోథెరపీకి నన్ను తన స్కూటీ మీద తీసుకెళ్లడం ప్రసన్న పని అయింది. యాదగిరికి ఆ ఒక్క పొద్దు నిద్ర దొరికింది.

భాద్రపదం

ఫిజియో నస్రీన్‌ది చిన్న గదిలో పెద్ద గొంతు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాదం వైపు వేలు చూపించేది.

"లేపు అక్కా."

"లేవట్లేదు కదమ్మా."

"కాలు లేవకుంటే పర్వా లేదు. దిమాగ్‌తోని లేపు. రోజూ ఆర్డర్ పంపియ్యాలె. రోడ్డు ఖరాబైంది అంతే, రిపేర్ అయినంక ఆర్డర్ దానంతటదే పోతది. నువ్వు పంపుడు మర్చిపోతే, రోడ్డు మంచిగైనా ఎవరొస్తరు?"

అలా నేను ఎదుట కూర్చుని పాదంతో మాట్లాడటం మొదలుపెట్టాను. లే తల్లీ, లే బంగారం, లేవవే మొద్దుదానా. కాళ్ల మీద పడి బతిమాలడమంటారే, అది నా కాళ్ల మీద నేనే పడాల్సి వచ్చింది.

ప్లాస్టిక్ పట్టీ చెప్పులో ఇమిడేది కాదు. ఎలాస్టిక్‌తో చెప్పు ముందు అంచును పైకి లాగి మడమ పైన కట్టుకుంటే నడక నయమని నస్రీన్ చెప్పింది. ఆ మాట నేను ఫోన్లో అన్నానో లేదో, మా యూనిట్ కాస్ట్యూమర్ బాబాయ్ ఫిల్మ్‌నగర్ నుంచి నడిచి వచ్చి కొలతలు తీసుకున్నాడు. మర్నాటికి కుట్టి తెచ్చాడు. "హీరోయిన్ డ్యాన్స్ డ్రెస్సుల్లో మిగిలిన ఎలాస్టిక్కమ్మా, ఎన్ని గెంతులేసినా వదులవదు" అన్నాడు. దాన్ని కట్టుకుని గెంతలేదు గానీ, చెప్పు పోగొట్టుకోకుండా సందు చివరిదాకా వెళ్లొచ్చాను.

అయినా వేలు మాత్రం లేవలేదు. వినాయకుడు వచ్చాడు, వెళ్లాడు. దసరా ఎదురుగా కనిపిస్తోంది. అద్దాల మేడలు లేస్తున్నాయి, రింగు రోడ్డంటున్నారు, ఊరంతా పైకి లేస్తోంది. లేవనిది నా బొటనవేలొక్కటే.

ఒక శనివారం ప్రసన్నకు ఆఫీసులో పని పడింది. యాదగిరి డ్యూటీలో ఉన్నాడు. "నేనొస్త పా" అని అత్తమ్మ బయల్దేరింది. టోలిచౌకి క్లినిక్ వెయిటింగ్ హాల్లో టీవీ పెడతారు. మేం కూర్చున్నప్పుడు ఏదో పాత సినిమా వస్తోంది, అందులో మార్కెట్టులో ఫైటు. జడ ఎగిరింది, వీపు తిరిగింది, కాలు లేచి రౌడీ చెవి పక్కన తగిలింది. నా పక్కన వాకర్‌తో కూర్చున్న పెద్దాయన, మాటను బట్టి రాజమండ్రి వైపువారు, ముచ్చటపడిపోయారు.

"అబ్బో, ఏం కాలండీ ఆ పిల్లది! మెరుపేనండీ!"

నేను తల వంచుకుని నా పాదం చూసుకున్నాను. వంకాయరంగు ఎలాస్టిక్‌కు వేలాడుతోంది. ఆ పెద్దాయనకు అవునండీ అని చెప్పి ఊరుకుందామనుకున్నాను. అంతలో అత్తమ్మ గొంతు హాలంతా మోగింది.

"గది మా కోడలి కాలు!"

అందరూ తిరిగారు. కాంపౌండర్ తిరిగాడు. గోడ గడియారం కూడా తిరిగినట్టే అనిపించింది.

"ముఖం వేరేటామెది. కాలు మా సరితది. గీ కాలే" అని ఎలాస్టిక్ కట్టిన పాదాన్ని చూపించింది. "జర ఖరాబైంది. వస్తది. రాకేం జేస్తది?"

నేను చేసిన సినిమాల పేర్లు ఏళ్ల తరబడి చెప్పినా ఆమె ఒక్కటీ చూడలేదు. అదే అడిగాను, ఆటోలో. "ఎట్ల గుర్తువట్టినవ్ అత్తమ్మా?"

"గడపల కూసోని పదేండ్లసంది నీ నడక జూస్తున్న. ఎర్కుండదా?" అని బయటికి చూసింది. అటే చూస్తూ అంది: "యాదిగాడు పని బంద్ చెయ్ అంటడు. వానికి భయం. నాకూ భయమే. కాలు అయితే రానీ, తర్వాత చూద్దాం."

దసరా ముందర

పెద్ద కబురేమీ ముందుగా చెప్పి రాలేదు. పొద్దున అత్తమ్మ జమ్మి గురించి ఎవరితోనో మాట్లాడుతోంది. నేను మంచం అంచున కూర్చుని అలవాటుగా ఆర్డరు పంపుతున్నాను. లే తల్లీ. బొటనవేలి మీద ఒక నీడ కదిలినట్టయింది. ఈగ అనుకున్నాను. ఈగ లేదు. మళ్లీ పంపాను. వేలు పైకి లేచింది. బియ్యపుగింజంత. లేచి, అలిసిపోయినట్టు పడిపోయింది.

యాదగిరి నైట్ డ్యూటీ చేసి పడుకున్నాడు. లేపలేదు. ఆయన కళ్లెదురుగా పాదం పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆయనే కళ్లు తెరిచి, ముఖం ముందు నా కాలు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏందే, తంతవా?"

"చూడు."

చూశాడు. ఆ బియ్యపుగింజను ఆయన మళ్లీ మళ్లీ చూపించమన్నాడు. వేలు అలిసిపోయి మొరాయించాక దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, వదలకుండా కూర్చున్నాడు. డాక్టరు గారు చూసి ఆపరేషన్ మాట కాగితాల్లోంచి తీసేశారు. "నెమ్మదిగా వస్తుంది. తొందరపెట్టకండి" అన్నారు. నేను కాలాన్ని తొందరపెట్టలేదు. కాలినీ తొందరపెట్టలేదు.

చలికాలం

వేలు తర్వాత మిగతా వేళ్లు, వాటి తర్వాత పాదం. ఒక్కొక్కటే నిద్ర లేచి, పండక్కి ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా ఏమీ జరగనట్టు పనిలో పడ్డాయి. నస్రీన్ ఇప్పుడు పాదం మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కేది, నేను పైకి లాగాలి. మోకాలు ఎత్తు, వేళ్లు లాగిపెట్టు, పట్టుకో. అది చేస్తుంటే ఒకనాడు గుర్తొచ్చింది. ఇదే కదా సెల్లారులో ప్రసన్న చెప్పింది! లో కిక్ ఆపడానికి చెయ్యవలసినదీ, చచ్చిన పాదాన్ని బతికించడానికి చెయ్యవలసినదీ ఒక్కటే కసరత్తు. ఆనాడే చేసి ఉంటే ఇన్నాళ్లు చేయవలసి వచ్చేది కాదు.

నస్రీన్ సరేనన్నాక, డాక్టరు గారు ముంగాలికి మెత్తటి ప్యాడ్లు తప్పనిసరి అన్నాక, ఒక ఆదివారం సెల్లారుకు వెళ్లాను. యాదగిరే దింపాడు. "నేను పైన మెట్ల కాడ ఉంటా. చూస్త కూసోలేను" అన్నాడు.

అమ్మాయిలంతా గోడ వారన నిలబడ్డారు. ప్రసన్న వెనక్కి జరిగింది.

"వద్దక్కా. ఇంకెవరినైనా తన్నమనండి. స్తంభాన్ని తంతాను కావాలంటే."

"స్తంభానికి అత్త లేదు. నాకుంది, ఇంటికెళ్తే ఏమైందని అడుగుతుంది. మెల్లగానే కొట్టు, కానీ కొట్టు."

చాప మీద నిలబడ్డాను. ఎడమ కాలు ముందు. అలవాటుగా అది నేలలో దిగబడబోయింది, మార్కు వెతుక్కుంటూ. బరువంతా వెనక్కి తీసుకున్నాను. ప్రసన్న మడమ తిరగడం కనిపించింది. దానికన్నా ముందు ఒక భయం పాకింది, మోకాలి పక్కన, సరిగ్గా ఆ చోట. అప్పుడు ఆర్డరు పంపాను. లే తల్లీ.

మోకాలు లేచింది. పాదం దానితోపాటే లేచింది, వేళ్లు ముఖం వైపు తిరిగి, గట్టిగా, బిగుసుకుని. ప్యాడుకు ప్యాడు తగిలి, తడిబట్ట బండకేసి కొట్టినట్టు ఒక మొద్దు శబ్దం వచ్చింది. అందంగా లేదు. జడ ఎగరలేదు. నేను పడలేదు.

"అమ్మో!" అని ప్రసన్న ఒంటికాలి మీద గెంతింది. "నా కాలండీ!"

"చెప్పావుగా, కొట్టినోళ్లకే ఏడుపని."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నా పాదం వైపే చూస్తున్నారు. దాన్ని ఇంకా దించలేదు నేను, దించాలనిపించలేదు. కెమెరాకు కనబడని ఎత్తులో, గాల్లో అలాగే ఉంచాను.

ఆ రోజు లో కిక్ ఆపడం ఒక్కటే నేర్పాను. ముందు ఆపడం, తర్వాతే తన్నడం. అయ్యాక మెట్లెక్కి పైకి వచ్చాను. పై మెట్టు మీద యాదగిరి నాకు వీపు పెట్టి కూర్చుని, రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నాడు. చప్పుడు వినలేక అనుకుంటాను. అప్పుడే చేతులు తీసి, మోకాళ్ల మీద పెట్టుకుని, కింది నుంచి వచ్చే అడుగుల కోసం చెవి ఒగ్గినట్టు తల పక్కకు వంచాడు.

వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాను. ఎగిరిపడ్డాడు.

"ఎప్పుడొచ్చినవే?" అన్నాడు. "చప్పుడే ఇనరాలే!"